భవాని వ్యాసం దిద్దిన సంగతి

"అమ్మమ్మా, నువ్వు కాలేజీల పిల్లలతోటి వ్యాసాలు మల్ల మల్ల రాయించేదానివట గద. ఎట్ల రాయించేదానివి?"

రాయించేదాన్నా... ఆ, రాయించేదాన్ని బిడ్డా. మూడుసార్లు, నాలుగుసార్లు. కాలేజీల నా పేరే 'మల్ల రాయి మేడం'. ఎదురుంగ అనకపోతుండె గాని, వరండాల అనుకుంటుంటె ఇనపడేది. నాకు జర గర్వంగనే ఉండె, అబద్ధమెందుకు. నువ్వు కొత్తగ లెక్చరర్‌వి అయినవ్, నీకు మంచి ముచ్చట్లు చెప్పాలె. గాని ఈ మాట ఎవరడిగినా నాకు ఒక్క పిల్లనే యాదికొస్తది. భవాని.

జర ఆ ఫ్యాన్ తగ్గియ్యి. ఆఁ, చాలు.

భవాని వాళ్లు కృష్ణానగర్‌ల ఉండెటోళ్లు. మన ఫిల్మ్‌నగర్ నుంచి ఎంత దూరం? అప్పట్ల షేర్ ఆటోకు అయిదు రూపాయలు, ఇప్పుడు ఎక్కి కూసుంటెనే ముప్పై. మీ తాత ఉన్నప్పుడైతె నడుసుకుంటనే పోయెటోళ్లం, ఆయనకు ఆటో అంటెనే పడకపోతుండె... ఏం చెప్తున్న? ఆఁ, భవాని. ఆ పిల్ల తల్లి నాగమణి, జూనియర్ ఆర్టిస్ట్. నీకెరుకే గద, సినిమాల పెండ్లి సీన్ల, సంతల, ఆస్పత్రి వరండాల ఎనక నిలబడెటోళ్లు. పెండ్లయిన కొత్తల కోస్తా నుంచి వచ్చింది. మొగడు మధ్యల్నే పోయిండు. తెల్లారకముందే సినిమా కంపెనీ బస్సెక్కి పోయి, గా సంపాదనతోనే పిల్లను ఎంఏ దాక తెచ్చింది.

ఎంఏ మొదటి ఏడుల, కాదు కాదు, రెండో ఏడు మొదలైనంక, ఒక్కొక్కరు ఒక పరిశోధన వ్యాసం రాయాలె. భవాని జూనియర్ ఆర్టిస్టుల బతుకు మీద రాస్త అన్నది. రాసి తెచ్చింది, పన్నెండు పేజీలు, చేతిరాత. మొదటి మాట ఏమున్నదో తెలుసా? "మా అమ్మ ఇప్పటికి నలభై సినిమాల్లో చచ్చిపోయింది." భూకంపంల ఒకసారి, పడవ మునిగి ఒకసారి, పెండ్లి పందిరి అంటుకొని ఒకసారి. సచ్చిపోయినట్టు బురదల పండుకున్న దినాన జర ఎక్కువిస్తరట. ఇంటికొచ్చి చెవులల్ల మట్టి కడుక్కుంట, ఇయ్యాల ఎట్ల సచ్చిందో బిడ్డకు నవ్వుకుంట చెప్పేదట.

సదువుతుంటె నా ఒళ్లు జలదరించింది బిడ్డా. నిజం. జలదరిచ్చినంక నేనేం చేసిన? ఎర్ర పెన్ను తీసి కొట్టేసిన.

"ఇది వ్యాసమా, కథనా? మా అమ్మ, మా ఇల్లు, గివన్ని వ్యాసంల పనికిరావు. నిన్ను నువ్వు పక్కకు పెట్టి రాయి" అన్న.

పాపం, తలకాయ ఊపింది. రెండోసారి తెచ్చింది, అమ్మ పోయి 'ఒక మహిళ' అయింది. మూడోసారి ఆ మహిళ గూడ పోయింది, 'సదరు శ్రామిక వర్గం' అయింది. ఆ మాట నాదే. నేనే మార్జిన్ల రాసిచ్చిన. నాలుగోసారి డీటీపీ చేయించుకొని వచ్చింది, నున్నగ, ఒక్క తప్పు లేదు. క్లాసుల అందరికి ఎత్తి చూపిచ్చిన, "దిద్దుకునుడంటె గిట్లుండాలె" అని.

ఎంఏ అయినంక ఆ వ్యాసం పట్టుకొనే పీహెచ్‌డీ సీటుకు ఇంటర్వ్యూకు వచ్చింది. ముగ్గురం కూసున్నం, అండ్ల నేనొకదాన్ని. బయటినుంచి వచ్చినాయన అడిగిండు, "వీళ్లు ఏం తింటారు, ఎక్కడ బట్టలు మార్చుకుంటారు, ఇవన్నీ నీకెలా తెలుసమ్మా? కింద ఒక్క పుస్తకం పేరు లేదు. ఎక్కణ్ణుంచి ఎత్తి రాశావు?"

భవాని నా దిక్కు చూసింది. అమ్మ మాట ఎత్తొద్దన్నది నేనే గద! నోరు తెరిచింది, మల్ల మూసుకున్నది. నేనొక్క మాట అంటె అయిపోతుండె, "ఆమె తల్లిదే ఆ పని సార్" అని. అన్లే బిడ్డా. నా స్టూడెంట్‌ను ఎనకేసుకొస్తున్న అనుకుంటరేమో అని, కాయితాలు తిప్పుకుంట కూసున్న. ఆయన 'కాపీ' అని రాసుకుంటుంటె గూడ చూసిన.

సీటు రాలే.

ఒక పది దినాలకు, ఆదివారం పొద్దుగాల, తలుపు కొట్టిండ్రు. తీస్తె సన్నటి మనిషి, ఇస్త్రీ చీర. "నమస్కారమండీ. భవానీ వాళ్ళమ్మనండీ" అన్నది. తిట్టనీకె వచ్చిందనుకున్న. తిట్టలే. "అమ్మాయి నా గురించి రాసిందంట గదండీ. నాకు చదువు రాదు. దాన్నడిగితే ఏడుస్తుంది. మీరు కాస్త చదివి వినిపిస్తారేమోనని" అన్నది.

నా తాన ఆ డీటీపీ వ్యాసం ఉండె. సోఫాల కూసోమంటె అంచుకే కూసున్నది, చేతులు కట్టుకొని. సదివిన. నాలుగు పేజీలు, అయిదు పేజీలు. మధ్యల మెల్లగ అడిగింది,

"బాగుందండీ. మరి నా గురించి ఎప్పుడొస్తుందండీ?"

ఇదే నీ గురించి అని ఎట్ల చెప్పాలె? చెప్పిన, చెప్పక ఏం చేస్త. "అలాగాండీ" అన్నది. "పెద్ద పెద్ద మాటలు బాగా నేర్పారండీ" అన్నది. ఎత్తిపొడుపు కాదు, నిజంగనే అన్నది. అదే నాకు...

జర మంచినీళ్లియ్యి.

ఆ సాయంత్రమే కృష్ణానగర్ పోయిన, రెండో అంతస్తుల ఒక్క రూము. "భవానీ, తప్పు నాది. ఇంటర్వ్యూల నేను మాట్లాడాలె, మాట్లాడలే. ఆ మొదలు రాసింది ఉన్నదా?" అని అడిగిన.

"అది పనికిరాదన్నరు గద మేడం. చించేసిన."

"మల్ల రాయి. మీ అమ్మ ఎట్ల చెప్పిందో గట్లనే రాయి. నేనొక్క అక్షరం ముట్ట. వచ్చే ఏడు మల్ల సీటు అడుగుదాం, నేనే వాండ్లకు చెప్త."

భవాని అన్నది, "కూసున్న మేడం, రెండుసార్లు కూసున్న. మీ మాటలే వస్తున్నయ్. అమ్మ మాటలు వస్తలేవు."

ఆ పిల్లకు కోపం గూడ లేదు. కోపముంటె బాగుండు అనిపిచ్చింది.

మల్ల అప్లై చెయ్యలే. బీఈడీ చేసి, షేక్‌పేటల ఒక బడిల తెలుగు చెప్తున్నదట. ఆ మధ్య ఎర్రగడ్డ మార్కెట్‌ల కనపడ్డది. నా సంచి గుంజుకొని ఆటో దాక మోసింది. "అమ్మ బాగుందా?" అంటె, "బాగుంది మేడం, ఇంకా షూటింగ్‌లకు పోతనే ఉంది, వద్దంటె ఇనదు" అన్నది. ఏమన్న రాస్తున్నవా అని అడుగుదామనుకున్న. నాలిక చివరిదాక వచ్చింది. అంతలనే ఆటో కదిలింది.

తర్వాత ఎంతమందికి దిద్దిననో లెక్కలేదు. పక్కన కూసోబెట్టుకొని, "ఇది నీకెట్ల తెలుసు బిడ్డా?" అని ముందుగాల అడుగుడు అప్పుడు మొదలుపెట్టిన. భవానిని ఆ ఒక్క మాట అడిగుంటె... ఏమో.

నువ్వయినా ఆ మాట ముందే అడుగు తల్లీ. నీ తాన సదువుకునే పిల్లలు సల్లగుండాలె, వాండ్లతోటి నువ్వు గూడ సల్లగుండాలె...