బొమ్మక్క మెరుగు పెట్టని చక్రం

ఏమిరా అశ్వినూ, ఎండలో కూర్చోని అదేం రుద్దుడు? అట్ల పొడిగా రుద్దితే ఈ గరుకు ఉప్పు కాయితం రెండు నిమిషాల్లో నున్నగా అయిపోతాది, చక్రం అట్లే ఉంటాది. బకెట్లో ముంచి ముంచి రుద్దాల. ఎవరి కారు? మీ బావదా? అదే అనుకొన్నా. పాత బస్టాండు దగ్గర ప్లాట్‌ఫారం అంచుకు ఒరిసినాదంటావు, సాయంత్రం మీ బావ హరికృష్ణన్ వచ్చేలోపల ఏమీ కానట్టు చేసి పెట్టాల, అంతేనా? ఆమా, అవునులే, అందరిదీ అదే కత. ముప్పై ఏండ్లు స్టీరింగు పట్టినవాణ్ణి, నాకు చెప్తావా. కొంచెం జరుగు, ఈ మెట్టు మీద కూర్చుంటా. ఇట్లాంటి పనికని ఈ ఊర్లో ఒక మనిషి ఉండె. బొమ్మక్క. నీకు తెలియదులే, అప్పుడు నువ్వు మీ అమ్మ చంకలో ఉంటివి. ఆ డబ్బా ఏంది, గీతలు పూడ్చే పేస్టా? ఇప్పుడే తెరవవద్దు. అంత తొందర ఏమొచ్చినాది, చెప్పేది విను.

బొమ్మక్కది సత్రపట్టి ఊరు. ఆస్పత్రిలో గాయానికి కడతారు చూడు తెల్లగుడ్డ, ఆ కట్టుగుడ్డ నేసే మగ్గంలో వేలకు, కూలిపనికి, పోతా ఉండె. మొగుడు పోయినాక రాజపాళయం వచ్చేసినాది. పగలు మగ్గం, సాయంత్రం ఒక పాత్రల కొట్టుకు అల్యూమినియం చట్టీలు మెరుగు పెట్టి ఇచ్చేది. ఆమె దగ్గరికి మొదటి కారు చక్రం తీసుకపోయిందే నేను. అప్పట్లో ఇట్ల తళతళా మెరిసే చక్రాలుండే కార్లు ఊరంతా కలిపి నాలుగో అయిదో. ఒకటి మా ముదలాళిది, చొక్కలింగం అయ్య, కట్టుగుడ్డ వ్యాపారం. నేను ఆయన డ్రైవరును. ఆయన పొద్దున లేస్తానే కాపీ కూడా తాగకుండా బండి చుట్టూ తిరుగుతాడు. 'ఏమిరా ఆండీ, ఈ గీత ఎప్పటిది?' ముక్కుతో మాట్లాడతాడు, అట్లే ఉంటాది గొంతు. గీత ఒకటి కనపడితే వారం పాటు ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. అందుకని నేను గుట్టుగా చక్రం విప్పి, స్టెప్నీ తగిలించి, దీన్ని గోనె సంచిలో వేసుకొని ఆమె ఇంటికి పోయినాను. 'అక్కా, ఇదీ మీ చట్టీ మాదిరే, అల్యూమినియమే గదా' అన్నాను. ఆమె చేత్తో తడివి చూసి, 'చట్టీలో పప్పు కాగుతాది ఆండీ. దీని మీద మనుషులు కూర్చుంటారే' అన్నాది. అని, చేసి ఇచ్చినాది. ముదలాళి మరుసటి పొద్దు చుట్టూ తిరిగినాడు, మూడు తూర్లు తిరిగినాడు, ఏమీ కనిపెట్టలేదు. నాకు లోపల నవ్వు.

ఎట్ల చేసేదంటావా? నీ మాదిరి కాదు. మొదట సోపు నీళ్ళు. లేచిన అంచును ఆకురాయితో ఒకే దిక్కుగా తీసేది, ముందుకూ వెనక్కూ రాకేది కాదు. తర్వాత కిరసనాయిలు. ఆమా, కిరసనాయిలు పూసి, ఒక పూట పక్కన పెట్టి, పొడిగుడ్డతో బాగా తుడిచేసి, పిల్లకాయలు బడిలో రాసే సుద్దముక్కను పొడి చేసి మీద చల్లేది. లోపల పగులు ఉంటే కిరసనాయిలు అందులో దాక్కొని ఉంటాది గదా, అది మెల్లగా పైకి వచ్చి తెల్లపొడిలో తడి గీత వేస్తాది. జిన్నింగ్ మిల్లు ఫిట్టర్లు చేస్తా ఉంటే చూసి నేర్చుకొన్నాది. అది ముగిసినాకనే పేస్టు. అది రాయి మాదిరి ఆరినాక ఉప్పు కాయితం, ముందు ముతకది, తర్వాత సన్నది, ఇంకా సన్నది. అన్నిటికీ కడాసికి మెరుగు, కట్టుగుడ్డతో. ఆ గుడ్డలో ఒక సంగతి ఉంది. మగ్గం నించి వచ్చినప్పుడు దానికి కంజి, అదే గంజి, ఉంటాది. అది పోయేదాకా ఉడకబెట్టి, ఉతికి, ఆరేసి, మళ్ళీ ఉతికి, అప్పుడే చక్రం మీద పెట్టాల. కంజి గుడ్డతో రుద్దినావంటే మెరుగు మీద వెంట్రుకల మాదిరి గీతలు పడతాయి. నీకూ నాకూ కనపడవు, ముదలాళికీ కనపడవు. ఆమెకు కనపడతాయి.

తర్వాత అట్లాంటి కార్లు పెరిగినాయి, ఊర్లో డ్రైవర్లందరూ అక్కడే. గోనె సంచి భుజాన వేసుకొని ఒకడు వస్తాడు, ఒకడు పోతాడు. ఏ ముదలాళి బండి ఎక్కడ ఒరిసినాదో అంతా ఆమెకు తెలుసు, ఒకరిది ఇంకొకరికి చెప్పదు. పక్కింటి అమ్మణి నోరు ఊరుకోదు. 'ఏం బొమ్మీ, ఈ పొద్దు సంచిలో ఏంది?' అంటాది. ఈమె తల ఎత్తకుండా, 'టెంకాయలు' అంటాది. 'నిన్నా టెంకాయలే అంటివే?' 'అవి పచ్చివి, ఇవి ముదురువి.' అట్ల మనిషి. చట్టీల పని వదిలేసినాది. మగ్గం కూడా ఒక పూటే. దగ్గు తగ్గినాది అని చెప్పినాది నాతో, పత్తిదుమ్ము తక్కువ గదా. రొమ్ము నిండా గాలి పీల్చుకొని చూపించినాది, 'చూడు ఆండీ, శబ్దం లేదు' అని.

ఉండు, కాలు పట్టుకొన్నాది, లేచి నిలబడతా. లేదులే, కూర్చుంటా. ఏం అడిగినావు? తర్వాతనా? నిలిచిపోయినాది. ఒక్క చక్రంతో అంతా నిలిచిపోయినాది. ఒక్కడు కూడా సంచి తేలేదు. మళ్ళీ మగ్గానికే పోయినాది, రెండు పూటలూ. మూడేండ్లు. ఆ దగ్గుతోనే పోయినాది. నేను చూసేదానికి పోలేదు. మార్కెట్ దగ్గర ఒక తూరి ఎదురొచ్చి, 'ఏం ఆండీ, పిల్లకాయలు బాగున్నారా' అని అడిగినాది. నేను ఫోన్ వచ్చినట్టు చెవికి పెట్టుకొని పోయినాను. ఎందుకని అడగవద్దు. నీళ్ళు పొయ్యి, ఆరిపోయినాది చూడు.

సరి, చెప్తా. వానకాలం. సేత్తూరు నించి వట్టి బండితో వస్తా ఉన్నాను. ఎదురుగా లారీ, పక్కకు తిప్పినాను. ముందు చక్రం గుంతలో పడి ఎగిరి, గట్టురాయికి కొట్టుకొన్నాది. ఒరిసేది కాదు, కొట్టుకొన్నాది. అక్కణ్ణించి ఊరొచ్చేదాకా స్టీరింగు నా చేతిలో వణుకుతానే ఉంది. ఇది ఎవరికీ చెప్పలేదు, నీకే చెప్తా ఉన్నా. చక్రం ఆమె దగ్గర పెట్టి, 'ప్లాట్‌ఫారానికి ఒరిసినాదక్కా' అన్నాను. నువ్వు ఇప్పుడు నాతో అన్నావే, అదే మాట. మరుసటి పొద్దున ముదలాళి కూతురు ఇందిరాణి చంటిబిడ్డతో తిరునెల్వేలి పోవాల, అత్తగారింటికి. సాయంత్రంలోపల కావాలన్నాను. ఆమె సుద్దపొడి చల్లినాది. చూస్తా ఉండగానే, నడుమనించి అంచుదాకా వేలంత పొడుగు తడి గీత వచ్చినాది. 'ఆండీ, ఇది ఒరిసింది కాదు. పగిలినాది. దీనికి నేను మెరుగు పెట్టను.' నేను ఏమేమో అన్నాను. కాలు పట్టుకొన్నాను. 'డ్రైవరు వేల పోతాదక్కా, ఇద్దరు పిల్లకాయలు' అన్నాను. 'పేస్టు పెడితే నీకూ కనపడదు, నాకూ కనపడదు. చక్రానికి తెలుస్తాది గదరా. ముదలాళికి చెప్పేసెయ్యి, తిట్టితే తిట్టించుకో' అన్నాది. సరే చెప్తా అన్నాను. తలకాయ బాగా ఆడించినాను.

చెప్పలేదు. కొట్లో పేస్టు కొన్నాను, పక్కన మగ్గం వాడి దగ్గర ఒక మూర గుడ్డ అడిగి తీసుకొన్నాను, ఇంటి వెనక కూర్చోని నేనే పూసినాను, నేనే రుద్దినాను. దీపం పెట్టేలోపల ముగించేసినాను. గుడ్డ ఉతికేదానికి పొద్దేది? అట్లే కంజితోనే మెరుగు పెట్టినాను. బాగనే మెరిసినాది. నా ముఖం కనపడినాది దాంట్లో.

పొద్దున ముదలాళి వాకిట్లో బండి నిలబెట్టి పెట్టెలు ఎక్కిస్తా ఉన్నా, బొమ్మక్క వచ్చినాది. ఫస్టు టౌన్ బస్సు పట్టుకొని వచ్చి ఉండాల. నా మాట నమ్మలేదు చూడు. నాతో ఏమీ అడగలేదు. నేరుగా ముందు చక్రం దగ్గర గొంతుక్కూర్చోని, బొటనవేలితో తడివి, వెలుతురుకు తల వంచి చూసినాది. ఆ వెంట్రుక గీతలు. తల ఎత్తి నన్ను చూసినాది, అంతే. తర్వాత ముదలాళి దగ్గరికి పోయి, 'అయ్యా, ఈ చక్రంతో బిడ్డను పంపవద్దు, పగిలి ఉంది' అన్నాది. ఆయనకు అర్థం కాలేదు. 'ఎక్కడమ్మా? కొత్త మాదిరి మెరుస్తా ఉందే?' ఆమె తలలోని పిన్ను తీసి, అందరి ముందర పేస్టు గీకినాది. పొడి రాలినాది. కింద గీత బయటపడినాది. ఇందిరాణి బిడ్డను గట్టిగా పట్టుకొని బండి నించి దిగేసినాది. ముదలాళి ముఖం నల్లగా అయిపోయినాది. 'ఎవరు పూసింది ఇది?' అని నన్ను చూసి అడిగినాడు. నన్నే చూసి.

'నేనే అయ్యా' అన్నాది బొమ్మక్క. 'ఆండీకి తెలియదు. ఒరిసినాదని నమ్మి నా దగ్గర ఇచ్చినాడు. నేను పగులు చూసి కూడా పూసి ఇచ్చినాను. తప్పు నాది. మనసు ఒప్పలేదు, అందుకే వచ్చినాను.'

ముదలాళి ఏం తిట్లు తిట్టినాడంటావు? నీకు చెప్పను. ఆ సాయంత్రానికే ఊర్లో ముదలాళులందరికీ తెలిసిపోయినాది, పగిలిన చక్రానికి పూత పూసి ఇచ్చే మనిషి అని. నేను అదే బండి ఇంకా తొమ్మిదేండ్లు తోలినాను. దీపావళికి బట్టలు, పిల్లకాయలకు ఫీజు, అంతా ఆయనదే.

ఏంది? ఆమె అట్ల చెప్పేటప్పుడు నేనేం చేసినానా?

అద్దం తుడిచినాను. గుడ్డ ఉండె చేతిలో. ముందు అద్దం తుడిచినాను, మంచు పట్టి ఉండె. మంచు పోయినాక కూడా తుడుస్తానే ఉన్నాను. ఆమె గేటు తెరుచుకొని పోయేదాకా.

ఎవరికి ఫోను? బావకా? చెయ్యి, చెయ్యి. నేను అట్ల వీధి చివరిదాకా నడిచి వస్తా.