పక్కన పెట్టిన ఎర్ర గుడ్లు

ఈస్టర్ ముందు శనివారం మధ్యాహ్నం, సరిహద్దు దాటి రుమేనియాలోకి రాగానే ఉన్న పార్కింగులో ఒకతను తన సరుకుల వ్యాను చుట్టూ తిరుగుతూ భార్యకు ఫోను చేశాడు.

"ఎక్కడిదాకా వచ్చావు?"

"సరిహద్దు దాటి ఆగిపోయాను. పెట్టె ఒప్పుకోవడం లేదు. రేపు పొద్దుటిదాకా బండి కదపకూడదు."

"పోయిన పండక్కి ఇటలీ నుంచి ఎక్కడా పడుకోకుండా వచ్చావుగా."

"అప్పుడు ఆ పెట్టె లారీలకే ఉండేది. ఇప్పుడు దేశాలు దాటే వ్యాన్లకూ బిగించారు. ఎంతసేపు నడిపానో అంతా రాసుకుంటుంది, గంటలు మించితే జరిమానా."

"మీ తమ్ముడి డ్రైవరు కార్డు నీ దగ్గరే ఉందిగా. పెట్టెలో అది పెట్టు. వాడు నడుపుతున్నాడనుకుంటుంది."

"ఇన్నాళ్ళు ఉపవాసం ఉండి, పండగ పూట అబద్ధమాడమంటావా?"

"యంత్రంతో ఆడినా అబద్ధమేనా, మహానుభావా? రేపు నా ఎర్ర గుడ్డు మొదట నీ గుడ్డుకే తాకించి పగలగొట్టాలి. పండగనాడు అలా గుడ్డుకు గుడ్డు కొట్టుకున్నవాళ్ళు పైలోకంలో మళ్ళీ కలుస్తారని మీ అమ్మే చెప్పింది."

"ఆ అబద్ధం ఆడి చూశాను."

"ఎప్పుడు?"

"హంగేరీలో. వాడి కార్డు పెట్టిన కాసేపటికే కళ్ళు మూతపడ్డాయి. తెరిచేసరికి కిటికీ పక్కనే లారీ చక్రం. ఇక్కడికొచ్చి కార్డు తీసేశాను. అప్పటినుంచీ బండి చుట్టూ తిరుగుతూనే ఉన్నాను... వింటున్నావా?"

"వింటున్నాను. ముందు ఆ తిరగడం ఆపు, అడుగుల చప్పుడు ఇక్కడికి వినిపిస్తోంది. వెళ్ళి పడుకో."

"మరి గుడ్డు?"

"నీదీ నాదీ రెండూ పక్కన పెడతాను. నువ్వొచ్చేదాకా ఎవరితోనూ కొట్టను. పైలోకంలో కలవడానికి అంత తొందరేం లేదు."