ఇంజను గోక్కున్న రోజు

దబీర్‌పురా స్టేషన్ పక్కన జాఫర్ చాయ్ బండి కాడ ఆ పొద్దున చాయ్ కన్నా మాటలే ఎక్కువ మరుగుతున్నాయి. పూలమ్మే నాగమణమ్మ అల్లుతున్న దండ ఒళ్లో పెట్టుకుని చెవి అటే వేసింది. వేయక ఏం చేస్తుంది? మనవరాలు స్రవ్య చేతులు ఎర్రగా పొంగి, నీటి బుగ్గలు లేచి మూడు రోజులు. బడి వెనక ఆడుకున్న పిల్లలందరిదీ అదే గోస. వయ్యారిభామ అనే మొక్క పని కావచ్చు, గాజరు, అదే క్యారెట్ ఆకులాంటి ఆకు ఉంటుంది అంది డాక్టరమ్మ. మళ్లీ అంటితే పుండ్లే అవుతాయంది. కానీ ఆ పిచ్చిమొక్కల అడవిలో దాన్ని పట్టేదెవరు? రేపు దగ్గరుండి పీకించే మనిషి కోసమే ఫిర్దౌస్ టీచర్ వచ్చి కూర్చుంది.

"నేనున్న గద!" అన్నాడు ఎల్లప్ప, పట్టాల పని చేసి రిటైరైన మనిషి. టీచర్ కోసం తనే కట్టిన బంతిపూల గుత్తి చంకలో ఉంది.

"ఫికర్ చెయ్యకు టీచరమ్మా. ఒకనాడు పట్టాల పొంటి పోతుంటే తీగెకు బంగారం లెక్క మెరిసే నూగుకాయలు కనవడ్డయ్. దూలగొండి! అంటితే ఒళ్లంత దురదే. మావోళ్లను ముగ్గుర్ని రెక్క వట్టి ఎనకకు గుంజిన."

నాగమణమ్మకు ప్రాణం లేచివచ్చింది. మనిషికి నిజంగానే తెలుసు! టీచర్ పుస్తకంలో ఎల్లప్ప పేరు రాసుకుంది.

"గంతేనా?" అన్నాడు జాఫర్.

"గంతేనా అంటవేంది భాయ్! ఆ తర్వాత ఏమైందో తెలుసా? గాలిదుమారం లేచి, ఆ నూగంత వొయ్యి గూడ్సుబండి మీద వడ్డది. డ్రైవర్ గోకుడు, గార్డు గోకుడు, జెండా ఊపేటోడు జెండాతోనే వీపు గోకుడు!" అంటూ ఎల్లప్ప తన మెడ బరబరా గోక్కుని చూపించాడు. అబ్బ, ఎంత బాగా చేస్తున్నాడో అనుకున్నారంతా.

"బండి ఆగిందా అన్నా?" ఆటో ఇస్సాకు అడిగాడు.

"ఆగుడేంది, ఇంజనుకే దురద లేచింది! ప్లాట్‌ఫారానికి పక్కలు రాసుకుంట పోయింది. మన టేషన్ అంచు ఇయ్యాల్టికీ గరుకుగనే ఉంటది, పొయ్యి సూడు!"

ఇస్సాకుకు చాయ్ ముక్కులోంచి వచ్చింది. "మరి మందేంది?"

"మలక్‌పేట బర్లకొట్టంల పేడంత తెప్పిచ్చి ఇంజనుకు నెత్తి నుంచి చక్రాల దాక పూసిన. పదారు డ్రమ్ముల మజ్జిగ పోసిన. ఇంజను కూత గూడ ఎయ్యలే, ఆవులిచ్చింది! కడిగిన నీళ్లు మూసీల కలిస్తే మూసీ గోక్కునుడు షురూ! గవి అలలనుకుంటున్నరా? గోర్ల గీతలు!" ఈసారి మణికట్లు గోకి చూపించాడు. "అప్పటిసంది గంత దూరం కార్వాన్ల వయ్యారిభామ మొలిస్తే దబీర్‌పురాల నాకు తుమ్మొస్తది. తీస్కో టీచరమ్మా!"

గుత్తిని చాచిన ఆ చేతిని చూసింది నాగమణమ్మ. ఎర్రటి పొంగు. నీటి బుగ్గలు. స్రవ్య చేతుల మీద ఉన్నవే! టీచర్ చేతికి తన చెయ్యి అడ్డం పెట్టింది.

"ఎల్లన్నా, బంతిపూల నడుమ సగ్గుబియ్యం లెక్క ఈ తెల్లపూలు ఏడ తెంపినవ్?"

"బడి ఎనకనే. మొన్న తెంపి నీళ్లల్ల వెట్టిన. ముద్దుగ లేవా?" అని మళ్లీ మెడ గోక్కున్నాడు. ఎవరూ నవ్వలేదు.

"ఆకు సూడున్రి," అంది నాగమణమ్మ. "గాజరు ఆకే."

ఫిర్దౌస్ టీచర్ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. "యా అల్లా! కార్వాన్ల మొలిస్తే తుమ్మొస్తదంటివి, చంకల వెట్టుకుంటే గూడ రాకపాయెనా?"

ఎల్లప్ప గుత్తిని దూరంగా పట్టుకుని చూశాడు. రెండో చెయ్యి మాత్రం ఆగలేదు, గోకుతూనే ఉంది. టీచర్ పుస్తకం తెరిచి అతని పేరు కొట్టెయ్యబోయింది.

"ఉండనియ్యి టీచరమ్మా," అంది నాగమణమ్మ, ప్లాస్టిక్ కవరు చేతికి తొడుక్కుని గుత్తిని అందుకుంటూ. "అడివంత దేవులాడే పని తప్పిచ్చిండు. ముక్కుతోని కాకపాయె, మెడతోని పట్టిచ్చిండు."