ఇంకా రెండు మిగిలాయి

ఆ సంచీ జిప్పు ఎన్నిసార్లు తీసి చూస్తావే? టికెట్టుకి కాళ్ళొచ్చి పారిపోతుందా? ముమ్మూర్తులా మీ తాతే! నవ్వకు, ఆ మనిషితో నా తల ప్రాణం తోకకొచ్చేది. దర్జీ కొట్టులో గుడ్డ కత్తిరించే పని కదా ఆయనది. సుద్దతో గీతలు గీశాక చటుక్కున కత్తిరించొచ్చుగా? అబ్బే! కత్తెర పట్టుకుని నిలబడి, అది ఎన్ని రకాలుగా పాడవ్వొచ్చో వరసగా తల్చుకోవాలి. ఉతికితే కుంచించుకుపోతే? ఆ మనిషి లావెక్కితే? కొలత తప్పు రాసుకునుంటే? మధ్యలో టీ తెచ్చి పిలిచానా, మళ్ళీ మొదట్నుంచీ! "నీకు తెలీదే, తల్చుకున్నది జరగదు, తల్చుకోనిదే జరుగుతుంది," అనేవారు. దీనికంతటికీ మూలం ఒక కోటులే. మీ అమ్మ పుట్టిన వారంలో, ఆ సంతోషంలో ఎవరితోనో కబుర్లాడుతూ, ఏమీ తల్చుకోకుండా కత్తిరించేశారు. చూస్తే రెండూ ఎడమ చేతులే! "చూశావా, ఒక్కరోజు బెంగ మానినందుకు!" అంటారు. బెంగ మానినందుకు కాదు మహానుభావా, రెండో చేతికి కొలత కాయితం తిరగెయ్యనందుకు అంటే వింటేగా!

దానికితోడు డాక్టరుగారొకాయన, "మరీ ఆలోచిస్తే బుర్ర పాడవుతుందయ్యా," అని ఓ మాట వదిలారు. ఇంకేముంది! ఆలోచించకపోతే ఆపద, ఆలోచిస్తే పిచ్చి. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఇక ఎందుకింత ఆలోచిస్తున్నానా అని అదో ఆలోచన. "ఇవాళ నా బుర్ర బాగానే ఉందంటావా?" అని పొద్దున్నే అడిగేవారు. నిన్న లేనిది ఇవాళెక్కణ్ణుంచొస్తుందండీ అనేదాన్ని. నువ్వు పుట్టినప్పుడైతే మరీనూ. ఆసుపత్రి వరండాలో గోడకేసి తిరిగి నిలబడ్డారు. నర్సమ్మ వచ్చి, "ఆడపిల్లండీ, ఇద్దరూ బాగున్నారు, రండి," అంటే, చెయ్యెత్తి ఆపి, "ఉండమ్మా, ఇంకా రెండు మిగిలాయి," అన్నారు! లోపల నువ్వు గుక్కపట్టి ఏడుస్తున్నావే! నలుగురిలో అని కూడా చూడకుండా దులిపేశాను. అయినా ఆ మిగిలిన రెండు ఆపదలూ తల్చుకున్నాకే వచ్చి నిన్నెత్తుకున్నారు.

నీకు మూడేళ్ళప్పుడు వాళ్ళ చెల్లెలింటికి బయల్దేరారు. ఆ ముందు వారమంతా ఒకటే గొణుగుడు, బస్సు బోల్తా పడితేనో, దారిలో వానొస్తేనో అని. విసిగిపోయి ఒట్టేయించుకున్నాను. ఈ ఒక్క ప్రయాణం ఏమీ తల్చుకోకుండా హాయిగా వెళ్ళిరండి అన్నాను. "సరేనే, నీ మాటే," అన్నారు. కిటికీ పక్కన కూర్చుని, నవ్వుతూ చెయ్యూపారు. సగం దారిలో గుండె ఆగిపోయింది. ఎప్పట్నుంచో లోపలున్న జబ్బేనట, ఇంట్లో ఉన్నా అంతేనట. నాకు తెలీదా? తెలుసు. బెంగ మానితే ఆగే గుండె కాదు, బెంగపడితే కొట్టుకునే గుండె కూడా కాదు. అయినా ఆ ఒట్టెందుకు వేయించుకున్నానా అని, ఇన్నేళ్ళుగా...

సరే లే, బస్సు టైమవుతోంది. చేరగానే ఫోన్ చెయ్యి. నేనేం ఆలోచిస్తూ కూర్చోనులే. ఏదీ, ఆ జిప్పు ఇంకోసారి తియ్యి, టికెట్టు చూస్తాను.