జాకెట్ ఎత్తి చూడాలి

సిడ్నీ, గిరావీన్. ఆదివారం చర్చి నుంచి వచ్చాక మెల్విన్ వాళ్ళ ఫ్లాట్. కాలికి కట్టుతో సోఫాలో మెల్విన్, వంటింట్లో వాళ్ళమ్మ, గుమ్మంలో శ్యామసుందరి. మెల్విన్, శ్యామ ఇద్దరూ స్టీవ్ నేర్పే మంచుకొండల గైడ్ కోర్సు విద్యార్థులు.

"లోపలికి రా శ్యామా, అక్కడే నిలబడిపోయావేంటి?"

"ఫర్లేదు అన్నయ్యా. ఇది ఇచ్చి వెళ్ళిపోతాను."

"ఏంటది? నా ఐస్ యాక్సా?"

"నువ్వు పడ్డచోటే ఉండిపోయిందట. స్టీవ్ సార్ ఇమ్మన్నారు."

"ఇంకా సారేంటి? వింటే పడీ పడీ నవ్వుతాడు. నువ్వే ఉంచుకో. ఎల్లుండి న్యూజిలాండ్ గ్లేసియర్ ట్రైనింగ్‌లో నీకే పనికొస్తుంది."

"నేను వెళ్ళట్లేదు."

"ఏం?"

"అది నీ సీటు."

"కాలు విరిగినోడికి సీటెందుకు? కోర్సులో నా తర్వాతి స్థానం నీదే కాబట్టి నీకిచ్చారు. అవునూ... ఆ రోజు నీకేం కాలేదుగా?"

"పడింది నువ్వు. నాకేమవుతుంది?"

"అది కాదు. నీ తాడు, అది తగిలించే నీ నడుం బెల్టు... అన్నీ బాగానే ఉన్నాయిగా?"

"హాస్పిటల్లో కూడా ఇదే అడిగావు."

"అడిగానా? మందుల మత్తేమో."

"ఎవర్రా అబ్బాయ్... శ్యామాయా! రామ్మా, రా. అయ్యో, ఆ గొడ్డలి మళ్ళీ నా ఇంట్లోకి తెచ్చారా?"

"వెళ్ళిపోతున్నానాంటీ."

"పలావు తినకుండా కదిలావంటే ఊరుకోను. చిక్కిపోయావేంటే తల్లీ? ఇవాళ చర్చిలో నీ కోసం ప్రార్థన చేయించాను, తెలుసా? ఆ మంచులో నీ కోటు విప్పి వీడికి కప్పావని చెబితే పాస్టరుగారు కళ్ళు తుడుచుకున్నారు."

"నా కోసం ఎందుకాంటీ..."

"మరి వీడి కోసమా? ఇరవై రెండేళ్ళొచ్చినా బెల్టు పెట్టుకోవడం చేతకాదు. స్కూలుకెళ్ళేటప్పుడూ నేనే బిగించేదాన్ని. ఇప్పుడు కూడా నేనే బిగించాలంటే నేను కొండెక్కగలనా?"

"అమ్మా, ప్లీజ్. స్టవ్ మీద ఏదో మాడుతోంది."

"నన్ను పంపించడానికి నీకెప్పుడూ ఏదో మాడుతుంది. సరే, కంచాలు పెడతాను. కూర్చో అమ్మా."

"అన్నయ్యా, ఆంటీకి చెప్పు."

"ఏం చెప్పాలి?"

"ఎవరి బెల్టు వాళ్ళు చూసుకుంటే సరిపోదని. తాడు మీద కొండ దిగేముందు ఒకళ్ళది ఒకళ్ళు చూడాలి కదా."

"నో వర్రీస్. అయిపోయిందిగా. తప్పు నాదేనని స్టీవ్‌తో ఒప్పేసుకున్నాను."

"ఎందుకు ఒప్పుకున్నావు?"

"నా బెల్టేగా! కొన వెనక్కి తిప్పి బకిల్లో మళ్ళీ దూర్చాలి. దూర్చలేదు. బరువు పడగానే జారిపోయింది. ఇందులో ఇంకోళ్ళ ప్రసక్తేంటి?"

"సార్ నన్ను కూడా అడిగారు. మెల్విన్‌ది చెక్ చేశావా అని."

"ఏమన్నావు?"

"ఎస్ అన్నాను."

"మంచిది. అలాగే ఉండనీ."

"మంచిదేంటి అన్నయ్యా! నేను చూడలేదు."

"చూసే ఉంటావులే. ఆ గాలిలో, ఆ హడావిడిలో..."

"చూడలేదు. జాకెట్ ఎత్తి, బకిల్ పట్టుకుని గుంజి చూడాలని సార్ ఎన్నిసార్లు చెప్పారు! నాకు చెయ్యి రాలేదు. మా ఊరి బళ్ళో అబ్బాయిలున్న బెంచీ మీద కూడా కూర్చోలేదు నేను. అందరూ చూస్తుండగా నీ నడుం దగ్గర చెయ్యి పెట్టి... తల దించుకున్నాను. నీ బూట్లు చూసి ఓకే అన్నాను."

"ఏడవకు. అమ్మ వింటుంది."

"విననీ. నా కోసం ప్రార్థన చేయించింది ఆవిడ!"

"మెల్లగా."

"నువ్వు పడ్డాక నేను ముందు చూసింది నీ కాలు కాదు, నీ బెల్టు. అప్పుడే తెలిసిపోయింది నాకు. అయినా సార్ సీటిస్తానంటే తలూపాను. ఇప్పుడే ఫోన్ చేసి చెప్పేస్తాను."

"వద్దు."

"ఎందుకు వద్దు?"

"కోర్సులోంచే తీసేస్తారు. నా కాలు మళ్ళీ కొండెక్కుతుందో లేదో తెలీదు. మనిద్దర్లో ఒక్కళ్ళైనా గైడ్ అవ్వాలిగా."

"అక్కడ నా తాడు మీద ఇంకెవరో ఉంటారు. వాళ్ళవి కూడా బూట్లే చూసి ఓకే అంటే?"

"అనవు. ఇంక అనవులే."

"నువ్వు నాది చూశావు కాబట్టే నేను క్షేమంగా దిగాను. నువ్వు చెయ్యాల్సింది నువ్వు చేశావు, నేనే..."

"ఆపు శ్యామా."

"నువ్వు ఓకే అన్నావన్న ధైర్యంతోనే అంచు మీద కాలు పెట్టాను, తెలుసా?"

"ఆపమన్నానా! ఆ రోజు నీ బెల్టు... నిజంగా కదల్లేదుగా? కొంచెం కూడా?"

"మళ్ళీ అదే! కదల్లేదు అన్నయ్యా. ఎన్నిసార్లు అడుగుతావు?"

"ఆ ఫోన్ ఇలా ఇవ్వు."

"ఎవరికి?"

"స్టీవ్‌కి. నీది తర్వాత చెప్పుకో, ముందు నాది చెప్పనీ. ఆ రోజు నేను చూసింది కూడా నీ బూట్లే."