టిక్కెట్ల ముఠాను పట్టిన బెంజమిన్

బెంజమిన్ బాబు టీకి వస్తున్నాడంటే టీకొట్టు అమీర్ ఇంకో గిన్నె పాలు పొయ్యి మీదికెక్కిస్తాడు. ఆయన కథ ఒక్క గ్లాసుతో తెమిలేది కాదు, వినేవాళ్ళు మధ్యలో లేచి పోగలిగేదీ కాదు. ఏలూరులో స్టేడియం ఎదురుగా ఉన్న ఆ టీకొట్టు బల్ల మీద ఆ రోజు పొద్దున్నే ఎలిజబెత్ టీచరు కూడా కూర్చుని ఉంది, సంచీ ఒళ్ళో పెట్టుకుని, ప్రాణమంతా రోడ్డు మీద పెట్టుకుని.

ఆవిడ కొల్లేట్లో పైడిలంక అంగన్‌వాడీ టీచరు. ఆ సాయంత్రం స్టేడియంలో పాటల కచేరీ. పైడిలంక పిల్ల సువర్ణ మొట్టమొదటిసారి పెద్ద స్టేజీ ఎక్కి పాడుతోంది. దాని పాట వినాలని లంకంతా కట్టకట్టుకుని టిక్కెట్లు కొన్నారు. తీరా చూస్తే, ఆ టిక్కెట్లన్నీ ఆపేశామని నిన్న సాయంత్రం టీచరు ఫోనుకి మెసేజీ వచ్చింది. తల్లీతండ్రీ లేని ఆ పిల్లని పెంచిన నాయనమ్మ మార్తమ్మ, కొత్త చీర కట్టుకుని ఇప్పటికే రేవులో పడవ దగ్గర కూర్చుంది. టీచరు ఫోన్ చేసి ఎక్కమంటే ఎక్కాలి, లేదంటే ఆ చీర విప్పి మడతపెట్టుకోవాలి. కౌంటర్లో అడిగితే, "టిక్కెట్ల రిపోర్టులన్నీ చూసేది బెంజమిన్ గారండీ, టీకొట్టు దగ్గరికొస్తారు, అక్కడుండండి" అన్నారు. అందుకని ఇక్కడుంది.

వచ్చాడు బెంజమిన్. బొద్దుగా, నవ్వుమొహంతో, చంకలో లాప్‌టాప్ సంచీతో. ఎలిజబెత్ లేచి నిలబడి, "బాబూ, టిక్కెట్ల విషయమండీ" అంది.

"కూర్చోండమ్మా, నేనూ టిక్కెట్ల విషయమే చెప్పబోతున్నా" అంటూ బల్ల మధ్యలో చోటు చేసుకున్నాడు. "అమీర్ బాబాయ్, అల్లం గట్టిగా దంచు. నిన్న నేను చేసిన పని వింటే నువ్వు టీ డబ్బులు తీసుకోవు."

"ఆ సంగతి విన్నాక చూద్దామండీ" అన్నాడు అమీర్.

"చిన్న సంగతేలే. రోజూ నేను రిపోర్టు తీస్తానా, ఏ ఊరివాళ్ళు ఎన్ని టిక్కెట్లు కొన్నారు, ఏ వేళప్పుడు కొన్నారు, అంతా సాఫ్ట్‌వేరు గీతలు గీసి చూపిస్తుంది. తాడేపల్లిగూడెం గీత ఎంత మర్యాదగా ఉందనుకున్నారు, సాయంత్రం మిల్లులు కట్టేశాక మెల్లగా మెట్లెక్కినట్టు ఎక్కింది. పెదవేగి గీత తోట పనుల్లో పడి వారమంతా నిద్రపోయి ఆదివారం లేచింది. కొల్లేటి గీత చూద్దును కదా, పడుకున్నది పడుకున్నట్టే ఉండి, ఒకనాడు తెల్లారేసరికి నిటారుగా లేచి నిలబడింది."

"నిటారుగా అంటే ఎంతండీ?" అన్నాడు ఆటో కనకరాజు. ఆటో తీయాల్సినవాడు, తాళంచెవి మళ్ళీ జేబులో వేసుకున్నాడు.

"మొదట తెర అంచు దాకా. కాస్త కిందికి జరిపితే మళ్ళీ అంచు దాటింది. ఇంకో తెర తెచ్చి దీని నెత్తిన నిలబెట్టా, అదీ చాల్లేదు. లాభం లేదని ప్రొజెక్టరు పెట్టి స్టేడియం గోడ మీద వేశానండీ. గీత గోడ దాటి లైటు స్తంభమెక్కింది. నేనూరుకుంటానా, నిచ్చెనేసుకుని దాని వెనకే ఎక్కా. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"జారారా?"

"జారతానేంటి బాబాయ్. కొసన ఒక ఫోన్ నంబరుంది. మూడొందల టిక్కెట్లు, అన్నీ ఆ ఒక్క నంబరు మీదే, ఒక్క పూటలో. మనిషన్నవాడికి మూడొందలమంది చుట్టాలుంటారటండీ? ముఠా. బ్లాకులో అమ్ముకునే ముఠా."

ఎలిజబెత్ చేతిలో గ్లాసు నోటిదాకా వెళ్ళి ఆగిపోయింది. పైడిలంకలో ఫోన్లు లేక కాదు. గ్యాసు బుక్ చేయాలన్నా, ఆసుపత్రికి చీటీ తీయాలన్నా, ఫోన్లో జరిగే పనేదైనా టీచరు వేలు నొక్కితేనే వాళ్ళకి నమ్మకం. సిగ్నల్ వచ్చేది రేవు పక్కనున్న చేపల చెరువు గట్టు మీద ఒక్కచోటే. ఆ తెల్లారి ఆ గట్టు మీద ఆవిడ నిలబడి నొక్కుతుంటే, చుట్టూ లంకంతా నిలబడి, మా అత్తకొకటి, మా బావకొకటి అని పేర్లు చెబుతూనే ఉన్నారు. ముఠా అంటే ముఠాయే మరి.

"ఆ నంబరుకి ఫోన్ చేయలేకపోయారా?" అంది మెల్లగా.

"చేశానమ్మా. అందుబాటులో లేరంది. దొంగ కానివాడి ఫోన్ ఎందుకందదు చెప్పండి?"

చెబుదామనే అనుకుంది. ఈలోపు కనకరాజు "తర్వాతండీ" అన్నాడు, ఇక బెంజమిన్‌ని పట్టేవాళ్ళు లేరు.

"తర్వాత రిపోర్టులో మ్యాపు తెరిచా. కొల్లేరు మీద ఒక ఎర్ర చుక్క. దగ్గరికి లాగితే నీళ్ళు. ఇంకా లాగితే గట్టు. ఇంకా లాగితే గట్టు మీదొక గూడబాతు. ఇంకా లాగితే దాని కన్ను. ఆ కంట్లో ఏం కనబడిందో తెలుసా? ముఠా నాయకుడు. ఫోన్ నొక్కుతూ. ఆరడుగుల మనిషి, ఇంతేసి మీసాలు."

ఎలిజబెత్ కళ్ళజోడు సర్దుకుంది. ఆవిడ పొడుగు మహా అయితే అంగన్‌వాడీ బీరువాలో రెండో అర దాకా వస్తుంది.

"అప్పటికప్పుడు పడవ మాట్లాడుకుని, లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని కొల్లేట్లో దిగా. చూస్తే వందల పడవలండీ. ఏది వాళ్ళదో ఎలా తెలుస్తుంది? మామూలోడైతే వెనక్కొచ్చేసేవాడు. నేను సార్ట్ నొక్కా. పడవలన్నీ చిన్నదాని పక్కన పెద్దది, పెద్దదాని పక్కన ఇంకా పెద్దది, వరసగా నిలబడిపోయాయి. అప్పుడు ఫిల్టర్ కొట్టా. అంతే, మిగతా పడవలన్నీ కనబడకుండా పోయి, ఒక్క ముఠా పడవే మిగిలింది."

"మరి ఆ మిగతా పడవల్లో జనం?" అన్నాడు అమీర్ గాభరాగా.

"సాయంత్రం ఫిల్టర్ తీసేశాలే బాబాయ్, ఎవరిళ్ళకి వాళ్ళెళ్ళిపోయారు."

కనకరాజు పొట్ట పట్టుకుని నవ్వాడు. ఎలిజబెత్‌కి పడవ దగ్గర మార్తమ్మ కళ్ళల్లో మెదులుతూనే ఉంది. అయినా ఆ మనిషి మొహం చూస్తే కోపం రావడం లేదు. ఆవిడ దగ్గర చదువుకునే పిల్లలూ ఇంతే. తమని చేప మింగి మళ్ళీ కక్కితే బడికొచ్చామని చెబుతారు. మధ్యలో ఆపితే ఏడుస్తారు, చివరిదాకా వింటే తెచ్చుకున్న బెల్లం ముక్క చేతిలో పెడతారు. ఇరవయ్యేళ్ళ అలవాటు. అందుకే పళ్ళబిగువున ఆగింది.

"పడవ మీదికి దూకానా, నాయకుడి జుట్టు నా చేతికందిందా, సరిగ్గా అప్పుడే లాప్‌టాప్ ఛార్జింగ్ అయిపోయింది. ఆ చీకట్లో ఆడమనిషిలా చీర కట్టుకుని, ఆడవాళ్ళ గుంపులో కలిసిపోయి తప్పించుకున్నాడండీ. పోతే పోనీ. ఆ మూడొందల టిక్కెట్లూ నొక్కిపెట్టా. ఇవాళ కాకపోతే రేపు, ఆ చీర వేషంలోనే నా దగ్గరికొచ్చి కాళ్ళ మీద పడతాడు."

ఎలిజబెత్ గ్లాసు కింద పెట్టింది.

"వచ్చానండీ బాబూ" అంది. "వేషం కాదండీ, చీర నాదే. నంబరూ నాదే."

సంచీలోంచి ఫోన్ తీసి, ఆపేసిన మెసేజీ చూపించింది. పిల్లలకి చెప్పినట్టు నెమ్మదిగా, లంక సంగతి, గట్టు సంగతి, సువర్ణ సంగతి చెప్పింది. "మూడొందలమంది చుట్టాలున్నారా అన్నారు. ఉన్నారండీ. రేవులో వాళ్ళ పెద్దావిడ కూర్చుని ఉంది. మనవరాలి పాట వినకుండా వెనక్కి పొమ్మని ఆవిడకి చెప్పడం నా వల్ల కాదు బాబూ."

కనకరాజు నవ్వబోయి మానేశాడు. బెంజమిన్ చెవులు ఎర్రబడ్డాయి. "అబ్బే, నాకు అప్పుడే అనుమానమొచ్చిందండీ" అన్నాడు గొంతు సవరించుకుని, "అందుకే రద్దు చేయకుండా ఊరికే ఆపి ఉంచా."

"మంచిపని చేశారండీ. ముందు టిక్కెట్లు వదలండి, ఆ తర్వాత నన్ను తీరిగ్గా పట్టుకుందురుగాని."

బెంజమిన్ లాప్‌టాప్ తెరిచాడు. తప్పు మీద తప్పు జరగకుండా ఒకటికి రెండుసార్లు చూసుకుని మరీ నొక్కాడు. ఎలిజబెత్ ఫోన్ ఆగకుండా మోగడం మొదలెట్టింది, మెసేజీ మీద మెసేజీ. అవన్నీ వచ్చేదాకా బెంజమిన్ టీ ముట్టుకోలేదు.

ఆవిడ వెంటనే గట్టు మీదున్నవాళ్ళకి ఫోన్ చేసి మార్తమ్మకిమ్మంది.

"పిన్నీ, పడవెక్కండి."

"ఇంతసేపా అమ్మాయ్? గుండె చేత్తో పట్టుకుని కూర్చున్నా. ఏమైందే, ఎవరైనా ఏమన్నారా?"

ఎలిజబెత్ బెంజమిన్ వంక చూసింది. అతను తల వంచుకుని, బడిలో కుర్రాడిలా ఆ జవాబు కోసమే కాచుకుని ఉన్నాడు.

"ఎవరూ ఏమనలేదు పిన్నీ. ఇక్కడొక బాబు కథ చెబుతుంటే, మధ్యలో లేవబుద్ధి కాలేదు."