ముప్పై అయిదో లైను

కూర్చోమ్మా పూజితా. ఆ కుర్చీ కాదు, దానికో కాలు వదులు, ఇలగ మంచం మీద కూర్చో. ఏటి, ఆ చేతిలో కాయితం? ఓహో, నువ్వు పెట్టే శనివారం క్లాసు బోర్డుకి రాసిందా! ఉండు, కళ్ళజోడు పెట్టుకోనీ. "దయారత్నం మాస్టారి కంప్యూటరు తరగతి. తొమ్మిది, పది చదివే పిల్లలకి." బావుందమ్మా, అక్షరాలు గుండ్రంగా ఉన్నాయి. పేరే తప్పు. కాదు కాదు, స్పెల్లింగు కాదు, మనిషే తప్పు. అక్కడ నా పేరు కాదు, ఫెలిక్స్ అని రాయాలి. నీకెలా తెలుస్తాడులే, నువ్వు పుట్టకముందే పోయేడు. మన సంత్రాగాఛి రైల్వే యార్డులో కేబిన్ మేన్. కేబిన్ అంటే మీ ఆఫీసుల్లో అద్దాల గదులనుకునేవు, అది కాదు. పట్టాల పక్కన మేడ గది, అందులో వరసగా మనిషెత్తు ఇనప లీవర్లు. అవి లాగితేనే సిగ్నలు పడీది, పట్టా మారీది. చర్చిలో ఆఖరి బల్ల మీద గుమ్మం పక్కన కూర్చునీవాడు, డ్యూటీ టైముకి చప్పుడవకుండా లేచిపోడానికి. నేనో? సంఘపెద్దని కదా, ముందు బల్ల. ఎవరు ముందు లేచినా నాకు కోపం.

ఎనభై తొమ్మిదిలో మన రైల్వే క్వార్టర్ల తెలుగు బడికి ఓ కంప్యూటరొచ్చింది. ఒక్కటే. ఎవరు చెప్తారు దీన్ని అంటే హెడ్మాస్టరు అందరి మొహాలూ చూసి, "లెక్కల మాస్టారు ఉన్నారు కదండీ" అనీసేడు. నాకు ఎక్కాలు ఇరవై దాకా వచ్చు, అదీ నా అర్హత. పది రోజులు ట్రైనింగుకి పంపించేరు. పొద్దున్నే లోకల్ ట్రైన్లో వేలాడుకుంటూ వెళ్ళి ఆ గదిలో కూర్చునీసరికి, ఓలమ్మా, ఏసీ! జన్మలో అదే మొదలు. నిద్రపోయేనమ్మా. పది రోజులూ నిద్రపోయేను. మెలకువొచ్చినప్పుడల్లా బోర్డు మీదున్నది నోటుబుక్కులోకి ఎక్కించీవాణ్ణి. అలగ ఏడు ప్రోగ్రాములు పట్టుకుని ఇంటికొస్తే క్వార్టర్లోళ్ళు దండేసేరు. మా కాంతం, అదే మా ఆవిడ, తలగడ గలీబు గుడ్డతో ఆ కంప్యూటరుకి ముసుగు కుట్టింది, అంచుకి లేసు, నడిమధ్య రెండు గులాబీలు. చెప్పులు బైట విప్పాలి, ప్రార్థన చేసుకుని గానీ స్విచ్చి ముట్టుకోకూడదు. అన్నీ నేను పెట్టిన రూళ్ళే. ఇంక ఆ రోజుల్లో కలకత్తాలో లోడ్ షెడ్డింగు సంగతి ఏటని చెప్పను, కరెంటు ఉండడమే వార్త. అదొచ్చి, మిషను లేచి, నేను వేళ్ళు వెతుక్కుని రెండు లైన్లు కొట్టీసరికి మళ్ళీ పోయీది.

మరి పాఠం ఎలగ? నాకు తెలిసిన విద్య ఒక్కటే. మన సండే స్కూల్లో కంఠత వాక్యాల పోటీ ఉంది కదా, నంబరుతో సహా అప్పజెప్పాలి, నంబరు తప్పితే మార్కు పోద్ది. చూస్తే ఈ ప్రోగ్రాముల్లో కూడా ప్రతి లైనుకీ నంబరుంది. పది, ఇరవై, ముప్పై. నా ప్రాణం లేచొచ్చింది! ఓరి, ఇది మన వ్యవహారమే అనుకున్నాను. తొమ్మిదో క్లాసోళ్ళందర్నీ నిలబెట్టి చేతులు కట్టించి, "పది, ఒకటితో మొదలెట్టు. ఇరవై, అంకె చూపించు. ముప్పై, ఒకటి కలుపు. నలభై, ఇరవైకి పో." ఇంగ్లీషులోనేలే, నీకు తెలుగులో చెప్తున్నాను. ఒకటి నించి పది దాకా అంకెలు చూపించే ప్రోగ్రాము అని నా నోటుబుక్కులో ఉంది. నెలయ్యేసరికి ఒక్క పిల్లాడు తడబడీవాడు కాదు. మధ్యలో పదకొండు, పన్నెండు ఏవయ్యేయి మాస్టారూ అని ఎవడో అడిగితే, కాయితం పొదుపు అన్నాను. నవ్వకు.

ఆ క్లాసులోనే రేబెకా అని ఓ గుంట. ఫెలిక్స్ కూతురు. ఓనాడు లేచి నిలబడి, "మాస్టారూ, నలభై మళ్ళీ ఇరవైకి పొమ్మంటోంది. ఇరవై నించి మళ్ళీ నలభైకే వస్తాది. ఇంక ఆగీది ఎక్కడ?" అంది. నాకు తెలిస్తే కదా! తెలీనప్పుడు మాస్టారన్నవాడు ఏటి చేస్తాడు? కోపం తెచ్చుకుంటాడు. "వాక్యం అప్పజెప్పమన్నాను, ఎదురు ప్రశ్న వెయ్యమన్లేదు" అనీసి వరండాలోకి గెంటీసేను. ఆ రోజు నించీ రోజూ అక్కడే నిలబెట్టేను. ఫెలిక్స్ వచ్చేడు, డ్యూటీ బట్టల్లోనే, చేతిలో లీవరు పట్టుకునే నూనె గుడ్డ. పోట్లాటకి కాదు. "మాస్టారండీ, మా గుంట అడిగినదాన్లో తప్పేటుందండీ? ఓపాలి మా కేబిన్‌కి రండి, సూపిత్తాను" అన్నాడు. నాకు కేబిన్ మేన్ చూపిస్తాడా కంప్యూటరు? చూద్దాంలే అని పంపించీసేను.

తర్వాత ఇన్‌స్పెక్షనొచ్చింది. బెంగాలీ పెద్దమనిషి, తెల్ల ధోవతి. పిల్లలు కోరస్‌గా అప్పజెప్పేరు, చర్చి కోయిర్ కూడా అంత బాగా పాడదు. ఆయన నవ్వి, "మాస్టర్‌మొశాయ్, చాలియే దేఖాన్" అన్నాడు. అంటే బెంగాలీలో, నడిపించి చూపించమని. కొట్టేను. ఒకటి, రెండు, మూడు... పది. నేను ఛాతీ పొంగించేను. పదకొండు. పన్నెండు. నూట నలభై. పచ్చటి అంకెలు తెర నిండా పరిగెడుతున్నాయి. ఆపండి అంటాడాయన. ఎలగ ఆపడం? కరెంటు పోవాలి దేవుడా అని మనస్ఫూర్తిగా ప్రార్థించేను. రోజుకి ఆరుగంటలు పోయే కరెంటు, ఆ పూట కదల్లేదు! పిల్లలింకా చేతులు కట్టుకునే ఉన్నారు. అప్పుడు వరండా కిటికీలోంచి ఆ గుంట, "సార్, ముప్పై అయిదని ఓ లైను పెట్టాలి. పది దాటితే ఆగు అని." ఆయన లోపలికి రమ్మన్నాడు. ఎలగో ఆపి, ఆ లైను ఆయన చేతే కొట్టించింది. ఒకటి నించి పది. ఆగింది. పదికీ పదికీ మధ్య ఖాళీ ఎందుకో నాకప్పుడు తెలిసింది. "దారుణ్!" అన్నాడాయన. బెంగాలీలో అది మెచ్చుకోలమ్మా. "మీరే నేర్పేరా?"

నేనే అన్నాను.

అవునమ్మా, నేనే అన్నాను. కిటికీ బైట ఫెలిక్స్ ఉన్నాడు, కూతురికి అన్నం డబ్బా తెచ్చేడు. విన్నాడు. నాకు నమస్కారం పెట్టి వెళ్ళిపోయేడు. నాకు సర్టిఫికెట్టొచ్చింది. ఆ వారమే సిగ్గు చంపుకుని కేబిన్‌కెళ్ళేను. "ఏడో లీవరు లాగండి మాస్టారండీ" అన్నాడు. లాగేను, రెండు చేతులా లాగేను, నడుం పట్టీసింది గానీ అది కదల్లేదు. "ముందు అయిదు లాగాలండీ. అయిదు పడిందా అని అడగందే ఏడు కదల్దు. అడక్కుండా కదిలితే రెండు బళ్ళు గుద్దుకుంటాయి. మా గుంట సిన్నప్పట్నించీ ఇక్కడే అన్నం తెచ్చీది కదండీ, సూసి సూసి అడగడం అలవాటయింది." అంతే, ఇంకో మాట లేదు. ఆ తర్వాత పదేళ్ళు నేను చెప్పిన పాఠం అంతా ఆ కేబిన్‌దే. ప్రతి బ్యాచినీ తీసుకెళ్ళి ఏడు లాగించేను. అతని పేరు మాత్రం ఎక్కడా అన్లేదు. తొంభై ఏడులో పోయేడు. సమాధి కూడికలో అతని గురించి సాక్ష్యం చెప్పింది నేనే, సంఘపెద్దని కదా. మంచివాడన్నాను, డ్యూటీకి కట్టుబడ్డవాడన్నాను. ముందు బల్ల మీద రేబెకా నా మొహంలోకే చూస్తోంది, ఇప్పుడైనా అంటానేమో అని. పాట నంబరు చెప్పి దిగిపోయేను.

ఏటి, అలగ చూస్తావు? నీకు చెప్పీసేను కదా. రేబెకాకీ తెలుసు కదమ్మా, అక్కడే ఉంది కదా అప్పుడు. ఆఁ? తెలీడం వేరు, నేను అనడం వేరా? నిజమే. నిజమేనమ్మా. ఇక్కడే పక్కన టికియాపారాలోనే ఉంటోంది, ప్రతి క్రిస్మస్‌కీ కేకు పట్టుకొచ్చి నా కాళ్ళకి మొక్కుద్ది. ఆ పూట నాకు అన్నం సహించదు. ఏటి చేస్తున్నావు? ఫోన్ కలిపీసేవా? ఇప్పుడేనా! ఉండుండు, నీళ్ళు తాగనీ... ఆఁ, అమ్మా రేబెకా! నేనే, మాస్టార్ని. బాగానే ఉన్నానమ్మా. కాదు, ఒంట్లో బాగానే ఉంది. ఓ మాట చెబ్దామనీ... మీ నాన్న... ఆఁ, మీ నాన్నేనమ్మా. ఆ ఇన్‌స్పెక్షను నాడు... వింటున్నావా? ఆఁ. ఆఁ... ఏటీ లేదమ్మా. మీ వైపు వాన పడుతోందా?